కోటకొమ్మ బార్డర్

సోమవారం ఉదయం ఎనిమిదింటికి బీచుపల్లి వంతెన మీద ఒక లారీ యోసేపును గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. లారీకి నంబరు ప్లేటు లేదు. యోసేపు ఏజెన్సీలో ఇరవై రెండేళ్లు పనిచేసిన గూఢచారి. అతని ఫోన్‌లో పంపకుండా మిగిలిపోయిన సందేశం ఒకే ఒక్క మాట: బార్డర్.

మధ్యాహ్నానికల్లా ఢిల్లీలో మీటింగ్ పెట్టారు. గోడ మీద దేశం మ్యాప్, దాని చుట్టూ ఎర్ర గీత. చీఫ్ మూడు టీములను బయల్దేరదీశాడు. ఒకటి పంజాబ్‌కు, ఒకటి రాజస్థాన్‌కు, ఒకటి కశ్మీర్‌కు. అందరూ శ్రద్ధగా నోట్స్ రాసుకున్నారు.

"సార్, యోసేపు చివరిదాకా గద్వాలలోనే ఉన్నాడు," అన్నాడు ఏజెంట్ బిలాల్.

"అయితే?"

"అక్కడ బార్డర్ అంటే చీర అంచు."

నవ్వారు. బిలాల్ పుట్టింది గద్వాల పక్కన చేనేత ఊరు రాజోలిలో అని అక్కడ ఎవరికీ తెలియదు. అతనికి ఈ పని నేర్పింది యోసేపే అని అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. బిలాల్ కూడా ఎత్తలేదు.

"సరే, నువ్వు వెళ్లి చీరలు చూడు," అన్నాడు చీఫ్. "ఎలాగూ అటే వెళ్తున్నావు, ఒక పని ఉంది. బీచుపల్లి దగ్గర హైవే మీద కొత్త హోటల్. గురువారం పదకొండింటికి ఓపెనింగ్. దీపం వెలిగించేది డాక్టర్ రామేశ్వరమ్మ, మన రాడార్ ప్రాజెక్ట్ హెడ్. ఒక విదేశీ ముఠా ఆమెను చంపాలని చూస్తోంది. ఆ ముఠాలో మన మనిషి ఉంది. పేరు ప్రియ. లాబీ ఆర్కిటెక్ట్ వేషంలో ఉంటుంది. గురువారం ప్రమాదమేమీ లేదని రిపోర్ట్ పంపింది. ఆమె చెప్పినట్టు చెయ్. కోడ్ ప్రశ్న, గాజు వచ్చిందా. జవాబు, పగలకుండా వచ్చింది."

డిపార్ట్‌మెంట్ బిలాల్‌కు మూడు రకాల మీసాలు, ఒక విగ్గు ఇచ్చింది. అతను వాటిని సంచిలోనే ఉంచి, రంగు మరకల చొక్కా తొడుక్కుని, బుధవారం హోటల్‌లో గాజు పనిలో చేరాడు. ఆ లాబీలో పనివాడి ముఖం చూసేవాళ్లు లేరు.

లాబీ మధ్యలో అవతలివైపు కనిపించే పదడుగుల అద్దం నిలబడి ఉంది. దాని వెనక, ఛాతి ఎత్తున, ఇత్తడి కోటకొమ్మల వరుస. గద్వాల చీర అంచులో కనిపించే గోపురాలే అవి. గద్వాలలో వెల్డింగ్ షాపు నడిపే మునవ్వర్, పక్కింటి మగ్గం మీది చీర చూసి ముప్పై ఒక్క కొమ్మలు కోసి, ఆకురాయితో రాకి, గాజులో ముందే వేయించిన రంధ్రాల్లో బోల్టులతో అద్దానికే బిగించాడు. నాలుగు నెలల పని. అతని పేరు నలుగురికీ తెలియబోయే మొదటి పని.

ప్రియ వచ్చింది. తెల్ల లినెన్ సూటు, నల్ల కళ్లద్దాలు, గది దాటినా పోని సెంటు.

"గాజు వచ్చిందా?"

"పగలకుండా వచ్చింది," అన్నాడు బిలాల్.

ఆమె అతని వైపు తిరగనైనా లేదు. అద్దం మీద, నడిమి కొమ్మకు ఎదురుగా, మార్కర్‌తో ఒక చుక్క పెట్టి, "ఇక్కడ హోల్ వేయండి. సెన్సార్ కోసం," అంది.

"మేడం, గిది టఫన్డ్ గ్లాస్," అన్నాడు మునవ్వర్. "భట్టీల కాల్చినంక బొక్క పెట్టరాదు. డ్రిల్ ఆనిస్తే మొత్తం పలుకులు పలుకులైతది."

"వెల్డర్‌వి, నాకు చెబుతున్నావా?" ఆమె పిడికిలితో అద్దాన్ని దబదబా కొట్టింది. "చూడు, ఏమైంది?"

"నడుమ సుత్తితోని గుద్దినా ఏం గాదు మేడం. మూలకు జర దెబ్బ తాకిందంటే ఖతం."

"ఇలాంటి ఊళ్లలో ఇలాంటివాళ్లే దొరుకుతారు," అని ఆమె వెళ్లిపోయింది.

మునవ్వర్ చుక్కను గుడ్డతో తుడిచాడు. "గీడ బొక్క ఎందుకో భాయ్? దీపం ముట్టిచ్చే మనిషి గుండెకు సీదా ఎదురుంగ ఉంటది."

బిలాల్ ఆ మాట ఉన్నదున్నట్టు చీఫ్‌కు ఫోన్‌లో చెప్పాడు.

"ప్రియ మీద అనుమానమా? ఆమెకు రెండు మెడల్స్ ఉన్నాయయ్యా," అన్నాడు చీఫ్.

గురువారం. పదకొండుకు రెండు నిమిషాలు. డాక్టర్ రామేశ్వరమ్మ గద్వాల చీరలో దీపస్తంభం ముందుకు వచ్చింది. ఆమె ఎదురుగా అద్దం. అద్దం పక్కన బిలాల్, మునవ్వర్. ఇరవై అడుగుల దూరంలో ప్రియ.

మునవ్వర్ ముఖం మాడ్చుకుని ఉన్నాడు. "బొక్క పెట్టరాదన్ననని పొద్దుగాల మేడం బార్డర్ మొత్తం అద్దం ముందటికి మార్పిచ్చింది భాయ్. నడిమి కొమ్మ తీసేసి ఢిల్లీకెల్లి తెచ్చింది పెట్టిచ్చింది. నావి నిండు ఇత్తడి. గది బోలు. ముందటి దిక్కు సూది పట్టేంత సందుంది. మంచి బార్డర్ ఖరాబ్ చేసింది."

బార్డర్. యోసేపు సరిగ్గానే రాశాడు.

ప్రియ పెదవులకు రంగు వేసుకోవడానికి లిప్‌స్టిక్ తీసింది. అది రిమోట్. ఏజెన్సీ ఇచ్చిందే. బిలాల్ దగ్గర కూడా పెన్ను రూపంలో ఒకటి ఉంది. అరిస్తే ఆమె వేలు ముందే కదులుతుంది. పరుగెత్తినా అంతే.

"మునవ్వర్ భాయ్, ఆ కొమ్మ విషపు సూది పేల్చే తుపాకీ. డాక్టరమ్మను చంపడానికి. అద్దం పగలగొట్టు," అన్నాడు బిలాల్ మెల్లగా.

మునవ్వర్ అద్దాన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. "నాలుగు నెలలు, భాయ్," అన్నాడు.

రామేశ్వరమ్మ వత్తికి నిప్పు అంటించింది. ప్రియ లిప్‌స్టిక్ మూత తిప్పసాగింది.

మునవ్వర్ వంగి సుత్తితో అద్దం కింది మూల మీద ఒక్క దెబ్బ వేశాడు.

పదడుగుల అద్దం వడగళ్లలా రాలింది. పట్టు తప్పిన ఇత్తడి వరుస కిందికి ఒరుగుతుండగా బోలు కొమ్మలోంచి సూది దూసుకొచ్చి, రామేశ్వరమ్మ కాళ్ల దగ్గరి బంతిపూల బుట్టలో దిగబడింది. కలకలంలో బిలాల్ ప్రియ మణికట్టు పట్టుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు? నిన్ను నేనెప్పుడూ చూడలేదు!"

"నిన్న కోడ్ అడిగారు, మేడం. ముఖమే చూడలేదు."

రామేశ్వరమ్మ చీర మీది గాజు పలుకులు దులుపుకుంది. పక్కనున్న వనపర్తిలో పుట్టిన మనిషి, ఆ యాసలోనే అడిగింది. "ఎంత మంచిగ ఉండె! ఎవలయ్యా పలగొట్టింది?"

"నేనేనమ్మా," అన్నాడు మునవ్వర్. "చేసింది నేనే, పలగొట్టింది నేనే."

బిలాల్ ఆమెకు బుట్టలోని సూదిని చూపించాడు. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత పలుకుల మధ్య వంగి, ఒక ఇత్తడి కొమ్మను తీసి మునవ్వర్ చేతిలో పెట్టింది.

"మళ్ల చెయ్యి," అంది. "మళ్లొస్త."

అరగంటకు చీఫ్ ఫోన్ చేశాడు.

"గాజు వచ్చిందా?"

"వచ్చింది సార్. పగిలింది."

"మరి బార్డర్?"

"దొరికింది సార్. రాజస్థాన్ టీమును వెనక్కి రమ్మనండి. అక్కడిది వేరే డిజైన్."