ఆపరేషన్ పర్సో

కొమురయ్యను లారీ గుద్దలేదు. లారీతో గుద్దించారు.

బుధవారం పొద్దున చాయ్ తాగి కోకాపేట రోడ్డు దాటుతున్న మనిషి అక్కడికక్కడే పోయాడు. పోలీసు రికార్డులో మాత్రం ‘తాగి రోడ్డుకు అడ్డం పడ్డాడు’ అని ఎక్కింది. ఎక్కించింది శత్రువులనుకుంటున్నారా? కాదు, మన గూఢచారి డిపార్ట్‌మెంటే! సీక్రెట్ పొక్కకూడదట. జన్మలో కల్లు చుక్క ముట్టని మనిషిని చచ్చాక తాగుబోతును చేశారు మహానుభావులు.

ఆ ముక్క ఏజెంట్ మధుకర్‌కు మింగుడుపడలేదు. కొమురయ్యను ఇందులోకి దింపింది తనే. విక్టర్ అనే విదేశీయుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కన్సల్టెన్సీ బోర్డు కట్టుకుని, మన క్షిపణులకు వాడే చిప్‌లను దొంగదారిన దేశం దాటిస్తున్నాడు. వాడి కారు డ్రైవర్ కొమురయ్య. మంగళవారం కెమెరా ముందు కూర్చుని ఆరు గంటలపాటు తెలిసిందంతా చెప్పాడు. మర్నాడే పోయాడు.

అతని భార్య పోచమ్మ మధుకర్‌ను ఒక్కటే అడిగింది.

“సారూ, మా ఆయన తాగడు. తాగి సచ్చిండని రాసిన్రు. రేపు నా బిడ్డను బడిల ఏమంటరు? గా మాట కొట్టేపియ్యి. ఇంకేం వద్దు.”

“కొట్టేపిస్త అక్కా. ఆయన వీడియో జడ్జి ముందుకు పోనీ, నిజం బయటకొస్తది.”

గురువారం మధ్యాహ్నం చీఫ్ శివశంకర్ ఫోన్ చేశాడు.

“పాలు విరిగినయ్.”

కోడ్ మధుకర్‌కు అర్థమైంది. వీడియో చెడింది.

“మళ్ళీనా సార్?”

“కోర్టుకు తీసిన మూడో ఎక్స్‌పోర్ట్ కాపీ కూడా కరప్ట్. సాయంత్రం జడ్జి ఆ వీడియో చూస్తేనే సర్చ్ వారంట్. లేకపోతే రాత్రి ఫ్లైట్‌కు విక్టర్ జంప్. స్టూడియోలోనే ఎవరో ఉన్నారని నా అనుమానం. అక్కడ నువ్వు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఇంజనీర్‌వి. గో!”

నానక్‌రామ్‌గూడలో ఓ టవర్, ఎనిమిదో అంతస్తు. బయట ‘కళ్యాణి వెడ్డింగ్ ఫిల్మ్స్’ అని బోర్డు. లోపల డిపార్ట్‌మెంట్ సీక్రెట్ స్టూడియో. మధుకర్ షేర్ ఆటో దిగి, మెడలో ఐడీ కార్డు, కళ్ళకు సోడాబుడ్డి అద్దాలు, చొక్కా గుండీలో కెమెరాతో లోపలికి నడిచాడు.

ఎడిటర్ రేఖ ఎదురొచ్చింది. నల్ల చీర, ఎర్రటి లిప్‌స్టిక్. ఆమె నవ్వితే సర్వర్లు హ్యాంగవుతాయని ఆఫీసులో జోకు.

“ఆరు గంటల టైమ్‌లైన్ అండీ, మెమరీ చాలట్లేదు. సాఫ్ట్‌వేర్ బగ్.”

“మీరు ఆంధ్రానా మేడమ్?”

“భలేవారే! నిజాంపేటలో పుట్టి పెరిగా. పక్కా హైదరాబాదీ.”

మధుకర్ పనిలోకి దిగాడు. క్యాష్ క్లియర్ చేశాడు. గ్రాఫిక్స్ కార్డు ఆపాడు. డ్రైవ్ మార్చాడు. చెడిన చోటు చుట్టూ కొంత భాగం తీసుకుని మళ్ళీ ఎక్స్‌పోర్ట్ కొట్టాడు. అదే చోట ఆకుపచ్చ గళ్ళు లేచాయి. కొమురయ్య మొహం ముక్కలు ముక్కలైంది, గొంతు గరగరలాడి ఆగిపోయింది. చచ్చినవాణ్ణి మళ్ళీ మళ్ళీ చంపుతున్నట్టుంది.

బగ్ అయితే ఒక్కోసారి ఒక్కోచోట కరవాలి. ఇదేంది, పట్టుబట్టి ఒకే చోట కరుస్తోంది?

ఆ భాగాన్ని సగానికి కోశాడు. చెడిన సగాన్ని మళ్ళీ సగం చేశాడు. చివరికి చిన్న ముక్క మిగిలింది. చిత్రమేమిటంటే, ఎడిటింగ్ స్క్రీన్ మీద ఆ ముక్క శుభ్రంగా ఆడుతోంది. అప్పుడు వెలిగింది. స్క్రీన్ మీద ఆడేది ప్రాక్సీ, పని తేలిగ్గా సాగడానికి చేసుకున్న చిన్న కాపీ. ఎక్స్‌పోర్ట్ మాత్రం ఒరిజినల్ ఫైలు నుంచి తీస్తుంది. ఆ ఒరిజినల్‌ను సరిగ్గా అక్కడే ఎవరో చెడగొట్టారు. ప్రాక్సీని కోర్టు ఒప్పుకోదని వాళ్ళకు తెలుసు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ముక్క విన్నాడు.

“పర్సో విక్టర్ సారును బాలానగర్ షెడ్డుకు తోల్కపోయిన. పెట్టెలు దించిన్రు. అప్పటికి గాడ ఫ్లైఓవర్ సగమే లేసింది...”

అంతే. ఆ ఫ్లైఓవర్ మీద జనం తిరగబట్టి ఏళ్ళయింది. పేర్లు, నంబర్లు, ఖాతాలు అన్నీ వదిలేసి ఈ పాత ముచ్చటను ఎవడు చెడగొడతాడు? ఇది పాతదని తెలియనివాడు. మంగళవారం చెప్పిన మాటలో ‘పర్సో’ అంటే పుస్తకాల హిందీ లెక్కన మొన్న, అదే ఆదివారం, అనుకున్నవాడు. అంటే, మొన్న ఆదివారం అదే షెడ్డులో నిజంగానే పెట్టెలు దిగాయి!

మధుకర్ కుర్చీ తిప్పాడు. చల్లగా అన్నాడు.

“మేడమ్, పర్సో మిమ్మల్ని బాలానగర్‌లో చూసిన.”

“మంగళవారమా? ఛాన్సే లేదు. మంగళవారం రోజంతా రికార్డింగ్‌లోనే ఉన్నా.”

“పక్కా హైదరాబాదీ అయితే రోజులు లెక్కపెట్టదు. మా ఊళ్ళో పర్సో అంటే నిన్న కాని రోజు ఏదైనా పర్సోనే. పోయిన ఏడాదీ పర్సోనే, వచ్చే ఏడాదీ పర్సోనే.”

రేఖ మొహంలో రంగు మారింది. చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది. లిప్‌స్టిక్ మూత తిప్పింది. మధుకర్ లాక్కునేలోపు అడుగున ఎర్ర లైటు వెలిగి ఆరింది. ట్రాన్స్‌మిటర్!

“మెసేజ్ వెళ్ళింది, మిస్టర్ ఏజెంట్. షెడ్డు ఖాళీ అవుతుంది.” అంతలోనే ఆగింది. “అయితే... ఆ డ్రైవర్ మొన్న ఆదివారం అక్కడికి రాలేదా?”

“రాలేదు. ఏం చూడలేదు.”

“మరి మేం అనవసరంగా...”

మిగతా మాట మింగేసింది. ఒక్క మాట అర్థం కాక ఒక నిండు ప్రాణం తీశారు. సిగ్గు లేకుండా దాన్ని మళ్ళీ ‘అనవసరంగా’ అంటోంది! మధుకర్‌కు చెంప పగలగొట్టాలనిపించింది. టైమ్ లేదు. ఆమెను గార్డులకు అప్పగించి పరిగెత్తాడు.

“వారంట్ లేకుండా షెడ్డులోకి పోలేం!” ఫోన్‌లో అరిచాడు చీఫ్.

“షెడ్డులోకి ఎందుకు సార్? బండి రోడ్డెక్కితే ఆపి చూడ్డానికి వారంట్ అక్కర్లేదుగా!”

బాలానగర్. షెడ్డు గేటు తెరుచుకుంది. లారీ ముందు చక్రాలు రోడ్డు మీదికొచ్చాయి. ఒక్క మలుపు తిరిగితే హైవే. మధుకర్ డిపార్ట్‌మెంట్ జీపును తెచ్చి లారీ మూతికి అడ్డంగా పెట్టాడు. కీచుమని బ్రేకు. లారీ బంపర్ జీపు తలుపుకు తగిలి ఆగింది. దాని ముందు లైటు ఒకటి పగిలి ఉంది. అది బుధవారం కోకాపేటలో పగిలింది. క్యాబిన్‌లో విక్టర్, వెనక పెట్టెల్లో చిప్‌లు.

చీఫ్ వచ్చి భుజం తట్టాడు. “శభాష్! రెడ్ హ్యాండెడ్!”

“సార్, వీడియో కాపీ నేను సరిచేయిస్తా. జడ్జి...”

“ఇంకెందుకయ్యా వీడియో? సరుకు దొరికింది, మనిషి దొరికాడు. దాన్ని సీల్ చేసి లోపల పడెయ్.”

“మరి కొమురయ్య? తాగి చచ్చాడని రాసిన మాట?”

“అది మారిస్తే ఆపరేషనంతా బయటపడుతుంది.” చీఫ్ కారెక్కుతూ అన్నాడు. “చూద్దాం లే. పర్సో మాట్లాడదాం.”

ఆరు గంటలు మాట్లాడిన మనిషి. ఇక ఆ వీడియో చూసేవాడు లేడు. మధుకర్ ఇంకా రోడ్డు మీదే ఉండగా ఫోన్ మోగింది.

“సారూ, నేను పోచమ్మను. గా మాట కొట్టేపిచ్చినవా?”

మధుకర్ చీఫ్ మాటే తిరిగి చెప్పాడు.

“పర్సో అయితది అక్కా.”

అవతల ఫోన్ పెట్టేసిన శబ్దం. పోచమ్మ పక్కా హైదరాబాదీ. పర్సో అంటే ఏందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.