బండ ముందు బిందెడు నీళ్ళు

ఎడ్లు రెండూ మెడలు వంచి లాగాయి. బండ జానెడు కదిలి ఆగిపోయింది.

"హై! హై! లాగరా నాయనా!" శ్రీహరి గొంతు వాగు అవతలికి వినపడుతోంది.

శావల్యాపురం దగ్గర ఓ ఊరి వాగు ఒడ్డున ఉన్న ఇసుక బరి అది. తిరునాళ్ళలో బండలాగుడు పందెం గట్టి నేల మీదే జరుగుతుంది. కానీ ముందు ఇసుకలో లాగితే ఎడ్ల కాళ్ళకు సత్తువ వస్తుందని శ్రీహరి ఇంటివాళ్ళు ప్రాక్టీసు ఇక్కడే పెడతారు. చూడ్డానికి సగం ఊరు వచ్చింది.

అందరూ ఎడ్లను చూస్తున్నారు. మాచర్ల నుంచి వచ్చిన పూర్ణిమ ఒక్కతే బండ ముందున్న ఇసుకను చూస్తోంది. బండ కదిలినప్పుడల్లా పొడి ఇసుక దాని ముందు గట్టులా పేరుకుంటోంది. ఎడ్లు లాగుతున్నది బండనే కాదు, ఆ గట్టును కూడా.

ప్రాచీన చరిత్ర ఎం.ఏ.లో చదివిందంతా ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చి నిలబడింది. పక్కనే ఇత్తడి బిందె ఉంది. నిండా నీళ్ళు, మూతి మీద వేపమండ.

ఆలోచించలేదు. బిందె చంకనెత్తుకుని పరుగెత్తింది. ఇసుక గట్టును కాలితో నెట్టేసి, బండ ముందు నీళ్ళు బారుగా పోసేసింది.

"ఏయ్! ఎవరది?" శ్రీహరి కేక పెట్టాడు.

అప్పటికే ఎడ్లు లాగాయి. బండ జర్రున జారి బారెడు ముందుకొచ్చింది.

"చూశావా ఉషా! వీడియో తీశావా? నాలుగు వేల ఏళ్ళ కిందట ఈజిప్టులో అచ్చం ఇదే చేశారు!" పూర్ణిమ ఖాళీ బిందె పైకెత్తి గంతేసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒడ్డున ఫోన్ పట్టుకున్న ఉష రెండో చేత్తో నుదురు కొట్టుకుంది. ఉష పూర్ణిమకు క్లాస్‌మేట్, శ్రీహరికి బాబాయ్ కూతురు. పూర్ణిమను ఈ ఊరు తీసుకొచ్చిందీ ఆమే.

గుంపులోంచి ఎవడో ఈల వేశాడు. "ఒరేయ్ హరీ! మీ ఇంటికి కోడలొచ్చిందిరోయ్!"

ఘొల్లుమన్నారు అందరూ. నవ్వనిది ఇద్దరే. ఒకరు శ్రీహరి. ఇంకొకరు అతని తండ్రి సాంబశివరావు. ఆయన కండువా దులుపుకుని, ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయాడు.

శ్రీహరి ఎడ్లను ఎవరికో అప్పగించి వచ్చాడు. చెమటతో తడిసిన చొక్కా, ఎర్రబడ్డ కళ్ళు. కోపంలోనూ బాగానే ఉన్నాడు అనిపించి, ఇప్పుడు అనిపించాల్సింది అది కాదనుకుని పూర్ణిమ తల దించుకుంది.

"ఏందండీ మీరు చేసింది?"

"నీళ్ళు పోశాను."

"అది తెలుస్తానే ఉంది. ఎద్దు కాలు జారితే? తడి మీద లాగిస్తే ఎద్దుకు అబద్ధం నేర్పినట్టు కాదా?"

"సారీ అండీ. అది తప్పే. అంత దూరం ఆలోచించలేదు."

"ఆ బిందె ఎవరిదో తెలుసా?" అన్నాడు గొంతు తగ్గించి.

చెప్పింది మాత్రం అతని నాయనమ్మ రంగనాయకమ్మ. "ఏమే అమ్మాయ్, ఎవరి తాలూకు నువ్వు? మా ఇంట్లో విడత విడతకీ ఎడ్లు దిగేముందు వాటి కాళ్ళ దగ్గర నీళ్ళు పొయ్యాలి. ఆ బిందె పట్టుకునేది ఇంటి కోడలే. నా కోడలు పోయినకాడి నుంచి నేనే పోస్తన్నా. ఇంకెవర్నీ ముట్టుకోనియ్యడు నా కొడుకు."

పూర్ణిమ చేతిలో బిందె ఒక్కసారిగా బరువెక్కింది.

*

ఆ సాయంత్రం బస్సు ఎక్కాల్సిన పూర్ణిమ, ఎక్కలేదు. ఎక్కితే అంతా అయిపోయినట్టే.

మాచర్లలో నాన్న ఆటో నడిపి, అమ్మ అన్నపూర్ణ జాకెట్లు కుట్టి ఆమెను చదివించారు. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసింది ఆమే మొదలు. బళ్ళో ఉన్నప్పుడు నాగార్జునకొండకు తీసుకెళ్ళి టీచరు చెప్పింది: మన సాగర్ డ్యామ్ కోసం ఇక్కడి కట్టడాలను కొండ మీదికి మార్చిన కాలంలోనే, ఈజిప్టులో కూడా డ్యామ్ నీళ్ళలో మునిగిపోకుండా అబూ సింబెల్ గుడిని ముక్కలుగా కోసి, పైకెత్తి మళ్ళీ నిలబెట్టారని. ఎక్కడి ఈజిప్టు, ఎక్కడి పల్నాడు! ఆ రోజు పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ వదల్లేదు.

ఈజిప్టులోని లక్సర్ దగ్గర తవ్వకాల్లో ఒక సీజన్ శిక్షణకు దేశం మొత్తం మీద కొద్దిమందిని తీసుకుంటారు. స్వయంగా చేసిన ప్రయోగం ఒకటి పంపాలి. టన్ను బరువు రాయి, ఇసుక నేల, లాగేందుకు అలవాటుపడ్డ మనుషులు, ఈ మూడూ ఒక్కచోట ఉన్నది ఈ వాగు ఒడ్డునే. ప్రయోగానికి నిన్న సరేనన్న సాంబశివరావు ఇవాళ ఉషతో కబురు పంపాడు: "వద్దు."

"నేనే వెళ్ళి అడుగుతా," అంది పూర్ణిమ.

"అడుగు గానీ, నేను పిలుస్తున్నానని నువ్వూ పెదనాన్నా అనబాకు," అంది ఉష.

"ఏం?"

"వరస చెడుద్ది. మా అన్న నీకూ అన్నైపోతాడు. తర్వాత నన్ననుకోవద్దు."

"ఉషా!"

సాంబశివరావు కొట్టం దగ్గర ఎడ్లకు మేత వేస్తున్నాడు. శ్రీహరి ఒక ఎద్దు గిట్టలు కడుగుతున్నాడు. అతనికి నరసరావుపేటలో ట్రాక్టర్ల వర్క్‌షాపు ఉంది. బీటెక్ మెకానికల్ చదివినవాడు, పందేల కాలం వచ్చిందంటే షట్టర్ దించి ఇంటికి వచ్చేస్తాడు.

ఏ వరసా పెట్టకుండానే మొదలుపెట్టింది పూర్ణిమ. "తెలియక మీ బిందె ముట్టుకున్నానండీ. క్షమించండి. కానీ ఆ ఇసుక నాకు కావాలి. ఇంకెక్కడా దొరకదు."

ఆమె ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. ఓ పెద్ద విగ్రహం, కర్రబండి మీద. చక్రాల్లేవు. బారులు తీరి తాళ్ళు లాగుతున్న మనుషులు. విగ్రహం పాదాల దగ్గర, బండి కొసన నిలబడి ఒకతను కుండతో నీళ్ళు పోస్తున్నాడు.

"జెహుతీహోటెప్ అనే అధికారి సమాధిలో గోడ మీద ఉందిది. ఆ విగ్రహం యాభై టన్నుల పైమాటే అంటారు. క్రేన్ లేదు, లారీ లేదు. తాడు, తుమ్మ కర్ర, ఇసుక, నీళ్ళు, మనుషులు. అంతే! ఇతను పోసే నీళ్ళు పూజ కోసమని చానా మంది పండితులు అనుకున్నారు. తర్వాత ఫిజిక్స్ వాళ్ళు ప్రయోగం చేసి చూస్తే, తగినంత తడి తగిలితే పొడి ఇసుకలో పెట్టే బలంలో సగం చాలని తేలింది."

మాట్లాడుతుంటే ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. శ్రీహరి గిట్ట కడగడం ఆపేశాడు. ఎద్దు విసుగ్గా కాలు లాక్కుంది.

సాంబశివరావు ఫోన్ చేతిలోకి తీసుకుని బొమ్మను చూశాడు. "అంటే అది పూజ కాదు. వట్టి పని."

బొమ్మలో కుండ మీద వేలు పెట్టాడు.

"మరి మా ఆవిడ పోసిన నీళ్ళు వట్టివేనా? ఆమె పోస్తే ఎడ్లు కుదురుగా నిలబడేయి. నువ్వొచ్చి అదంతా ఏం లేదని వీడియో తీసి చూపిస్తావా?"

అదీ ఆయన భయం. పూర్ణిమకు అప్పుడు అర్థమైంది. తనకు తెలిసిందే చెప్పింది.

"అతను పోసింది బండ కిందికండీ. ఆమె పోసింది ఎడ్ల కోసం. నేను కొలవగలిగింది బండనే. ఎడ్లకు ఏం తెలుసో కొలిచే కాటా నా దగ్గర లేదు. ఈ బొమ్మలో అతను కూడా నీళ్ళు పోస్తూ మనసులో దణ్ణం పెట్టుకోలేదని ఎవరు చెప్తారు? అంత రాయి ముందు నిలబడి ఎవరైనా పెట్టుకోకుండా ఉంటారా?"

సాంబశివరావు ఫోన్ తిరిగిచ్చాడు. పచ్చిగడ్డి మోపు ఎత్తి ఎడ్ల ముందు వేశాడు.

"ఎడ్లను కట్టను. మనుషుల్ని పెట్టుకో. ఒరేయ్ హరీ, తుమ్మ మొద్దులు వెనక పడున్నాయి, చూడు."

*

మర్నాడు పొద్దునే శ్రీహరి తుమ్మ మొద్దులతో చక్రాల్లేని బండి కట్టి, దాని మీద బండ ఎక్కించాడు. తాడుకీ బండికీ మధ్యన మిర్చి టిక్కీ బస్తాలు తూచే వేలాడే కాటా తగిలించాడు.

"లాగినప్పుడు ఎంత బలం పడిందో ఇది చూపించిద్ది," అన్నాడు.

పూర్ణిమ నోరు తెరిచి చూసింది. "దీనికోసం గుంటూరంతా తిరిగాను. ఏదో ఫారిన్ మీటరు కావాలన్నారు!"

"మీరు ఈజిప్టు దాకా పోయి చూస్తారు. పక్కనున్నది చూడరు."

"పక్కనున్నదాన్ని చూస్తూనే ఉన్నాగా," అనేసింది. అన్నాక చెవులు వేడెక్కాయి. అతను కాటా బిగించడానికి అవసరమైనదానికంటే ఎక్కువసేపే తీసుకున్నాడు.

కుర్రాళ్ళు తాడు పట్టారు. పొడి ఇసుకలో బండి మొరాయించింది. కాటా అంకె పైపైకి పోయింది. ఇక తడి వంతు. ఈసారి ప్లాస్టిక్ బిందెలు. కంగారులో పూర్ణిమ ఒకటికి నాలుగు గుమ్మరించింది. బండి దుంగలు బురదలోకి దిగబడ్డాయి. తాడు లాగిన శ్రీహరి కాలు జారి అందులోనే కూర్చున్నాడు.

"మీ ఫరో నాకు కూడా సమాధి కడతాడా?"

"కూలిజనం కూడా గౌరవంగానే సమాధి అయ్యారండీ అక్కడ. పిరమిడ్ల పక్కనే వాళ్ళ సమాధులు దొరికాయి. కట్టింది బానిసలు కాదు, తిండీ కూలీ తీసుకుని పనిచేసిన మనుషులు."

"బురదలో కూర్చున్నోడికి కూడా పాఠమేనా!"

అంతలో వాన వచ్చింది. పిలవని వాన, ఆగని వాన. మిర్చి కప్పే పట్టా ఒకటి లాగి కుర్రాళ్ళంతా రాయి మీద కప్పి, తాము చెట్ల కిందికి పరుగెత్తారు. పట్టా రెండో కొస నెత్తిన పట్టుకుని దాని కింద మిగిలింది వీళ్ళిద్దరే.

"అయిపోయింది. ఇసుకంతా ముద్దైద్ది," అంది పూర్ణిమ. "రేపే పంపాలి."

"ఈ ఇసుక నీళ్ళు నిలపదు. రెండు గంటలు ఎండ తగలనీండి. పైన ఆరి, లోపల తడి ఉంటది. మీకు కావాల్సింది అదేగా?"

నిజమే. బిందెతో తను పోయలేకపోయిన సమానమైన తడి, వాన పోస్తోంది.

"ఈజిప్టులో వాన రాదా?" అడిగాడు.

"దాదాపు రాదు. అందుకే అతని చేతిలో కుండ."

నవ్వాడు. పట్టా మీంచి నీళ్ళు అతని భుజం మీదికి కారుతున్నాయి. ఆమె వైపు కారకుండా కొస పైకెత్తి పట్టుకున్నాడని పూర్ణిమ చూసింది. చూసి చెప్పలేదు.

"లక్సర్ పోతే ఎన్నాళ్ళుంటారు?"

"చలికాలం అంతా."

"తర్వాత?"

"వచ్చేస్తాను. ఎందుకు?"

"ఆ ఇత్తడి బిందె బరువు. మా నాయనమ్మ ఇంక మొయ్యలేదు."

"మీరే మొయ్యొచ్చుగా?"

"నేను ఎడ్లు పట్టుకోవాలి గదండీ."

పూర్ణిమ నేరుగా అతని కళ్ళలోకి చూసింది. "మా అమ్మావాళ్ళను అడగాలి. మీ నాన్నగారు ఒప్పుకోవాలి. లక్సర్ మానను. వచ్చాక చదువూ ఆపను. ఇవన్నీ ముందే చెప్తున్నా."

"షరతులు అయిపోయినయ్యా?"

"ఆ."

"ఆ బురదలో కూర్చున్నప్పుడే అన్నిటికీ ఒప్పుకున్నా," అన్నాడు.

ఎండ వచ్చాక మళ్ళీ లాగారు. బండి నున్నగా, ముందు గట్టు పేరుకోకుండా జారింది. కాటా అంకె సగానికి పడింది. కుర్రాళ్ళు కేకలు పెట్టారు. పూర్ణిమ ఆ తడి ఇసుకను గుప్పెట్లోకి తీసుకుంది. నాలుగు వేల ఏళ్ళ కిందట ఒకతను ఇదే తడిని చేత్తో పట్టి చూసి, ఇంక చాలు అని కుండ ఎత్తి ఉంటాడు. ఎంత గొప్పవాళ్ళు! కళ్ళు చెమర్చాయి.

ఒడ్డున నిలబడి సాంబశివరావు అంతా చూశాడు. "అన్నం తిని పొండి" అని మాత్రం అన్నాడు.

*

లక్సర్ సెలెక్షన్ కబురు తిరునాళ్ళకు ముందు రోజు వచ్చింది. అది చెప్పడానికి మర్నాడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది పూర్ణిమ. తిరునాళ్ళ మైదానంలో బండ సిద్ధంగా ఉంది. డప్పులు మోగుతున్నాయి. శ్రీహరి ఎడ్ల పగ్గాలు పట్టుకుని, ఎడ్ల కంటే ఎక్కువ కంగారు పడుతున్నాడు.

కొడుకు మనసు అప్పటికే తెలిసిన సాంబశివరావు నేరుగా అన్నపూర్ణ దగ్గరకు వచ్చాడు. "ఏమ్మా చెల్లెమ్మా, మీ పిల్లతో నాకో పని పడింది. నువ్వు ఊఁ అంటేనే."

ఉష పూర్ణిమ చెవిలో గొణిగింది. "చెల్లెమ్మా అన్నాడు. వరస కుదిరింది పో!"

అన్నపూర్ణ కూతురి మొహం చూసింది. రాత్రే విషయమంతా విన్న తల్లి. "దాని ఇష్టమే నా ఇష్టం అన్నయ్యా. కాకపోతే పిల్ల ముందు ఆ ఈజిప్టు పోయి రావాలి."

"పోయి రానీ. ఆ నీళ్ళు పోసేవాణ్ణి నేనడిగానని చెప్పి రానీ."

రంగనాయకమ్మ ఇత్తడి బిందె తెచ్చి కొడుకు చేతికిచ్చింది. నిండా నీళ్ళు, మూతి మీద వేపమండ. ఆయన ఒక్క క్షణం దాన్ని గుండెకు ఆనించుకున్నాడు. తర్వాత పూర్ణిమ ముందు పెట్టాడు.

"పోయినసారి తెలియక పోశావు. ఈసారి తెలిసి పోస్తావా అమ్మా?"

పూర్ణిమ బిందె ఎత్తుకుంది. గొంతు సర్దుకుని, జీవితంలో మొదటిసారి ఆ వరస పెట్టి పిలిచింది.

"మావయ్య గారూ, ఎడ్ల ముందా, బండ ముందా?"

"ఎడ్ల కాళ్ళ దగ్గరండీ!" అటునుంచి శ్రీహరి గావుకేక పెట్టాడు. "బండ ముందు పోశారంటే పందెంలోంచి తీసేస్తారు!"

మైదానం అంతా నవ్వింది. ఈసారి సాంబశివరావు కూడా.

పూర్ణిమ వంగి, ఎడ్ల ముంగాళ్ళ దగ్గర నెమ్మదిగా నీళ్ళు పోసింది. దుమ్ము అణిగి మట్టివాసన లేచింది. ఎడ్లు రెండూ కుదురుగా నిలబడ్డాయి.