నలభయ్యో రోజు క్లచ్

పళ్ళ డాక్టరు చేతికి ఊళ్ళో మంచి పేరుంది. ఎంత మొండి పన్నయినా నొప్పి తెలియకుండా ఊడొస్తుందంటారు. ఆ చేతులే స్టీరింగ్ పట్టుకుంటే చెమటలు కక్కేవి. ముప్పై రెండేళ్ళ వయసులో, కాలేజీ పిల్లల మధ్య, డ్రైవింగ్ స్కూల్లో ఓనమాలు దిద్దుకుంటున్నాడు.

నేర్పేది స్కూలు ఓనరు కూతురు. కారు ఎన్నిసార్లు ఆగిపోయినా విసుక్కోదు. అతనికి అదే ఎక్కువ సిగ్గుగా ఉండేది. తనతో చేరిన పిల్లలందరూ నేర్చుకుని వెళ్ళిపోయారు. మానేయమని అక్క పోరుతూనే ఉంది. అయినా తెల్లారేసరికి స్కూలు ముందుండేవాడు. ఎందుకో అతనికే అంతుబట్టేది కాదు.

నలభయ్యో రోజు నాలుగు రోడ్ల కూడలి మధ్యలో, క్లచ్ తొందరపడి వదిలేసరికి కారు ఆగిపోయింది. వెనక హారన్లు హోరెత్తాయి. ఎలాగో పక్కకు తీశాక ఆమె ఇంజన్ ఆపేసింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. కావాలనే చేస్తున్నారా?"

అతనికి అర్థం కాలేదు. నలభై రోజులైనా ఇంత అధ్వాన్నంగా ఎవరూ నడపరని, తన పక్కన కూర్చోవడానికే నాటకమాడుతున్నాడని నాన్న అంటున్నారని, తల దించుకుని చెప్పింది.

అవునంటే పరువు దక్కుతుంది. చేతకానివాడు కాస్తా చిలిపివాడైపోతాడు. నోటిదాకా వచ్చిన ఆ మాటను అతను మింగేశాడు.

"లేదండీ. నాకు నిజంగానే రావట్లేదు."

ఆమె ముఖం ఎందుకో చిన్నబోయింది. "అంటే, కారు కోసమే వస్తున్నారన్నమాట."

"మొదటి నెల కారు కోసమే. ఈ పది రోజులూ ఎందుకొస్తున్నానో తెలియట్లేదు. రేపు డ్రైవింగ్ వచ్చేస్తే ఎలాగని మాత్రం దిగులేస్తోంది. దీన్నేమంటారో కూడా... నేను ఇందులోనూ కొత్తవాణ్ణే."

ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. కోపమో, నవ్వో అతనికి తెలియలేదు.

"నాకూ కొత్తే," అంది. "రేపు పొద్దున వద్దు, సాయంత్రం రండి. కారు లేకుండా వెళ్దాం."

"కారు లేకుండానా?"

"నడవడం వచ్చుగా?"

వచ్చునన్నాడు గానీ, కారు దిగి రెండడుగులు వేసేసరికి ఆ నడక మీదా అతనికి అనుమానం కలిగింది.