ఆరో నంబరు మంచం

రాయపూర్‌లోని ఆ ఆసుపత్రి ఐసియులో ఆరో నంబరు మంచానికి చెడ్డపేరుంది. ఎక్కినవాళ్లు దిగరంటారు. కిటికీ లేని గది. పగలైనా రాత్రయినా అవే లైట్లు. ఆపరేషన్ బాగానే అవుతుంది, బంధువులు మిఠాయి కూడా పంచుతారు... నాలుగోరోజు జ్వరం. మందు మారుస్తారు. తగ్గదు. ఇంకో మందు — ఊహూఁ.

నెలన్నరలో ముగ్గురు పోయారు.

రక్తంలో ఈస్టు చేరిందని రిపోర్టు వచ్చింది. పిండిని పులియబెట్టే ఈస్టుకి దూరపు చుట్టమట, మందులకు లొంగని రకమట. కానీ రిపోర్టును నిలబెట్టి తిట్టలేం కదా! తిట్టడానికి మనిషి కావాలి. ఆ మనిషి ఆడదైతే, మొగుడు లేనిదైతే, నేల తుడిచేదైతే మరీ సుళువు.

దుకల్హిన్ దొరికింది.

"ముగ్గురి మంచం కిందా తుడిచింది ఇదే," అన్నాడు పెద్ద డాక్టరు చంద్రాకర్, నవ్వుతూ. సరదాకే అన్నాడు. సాయంత్రానికి ఆ సరదా క్యాంటీను దాటి ఆమె బస్తీకి చేరింది. టోన్హీ... చూపుతో ప్రాణం తీసే మంత్రగత్తె. ఆ మాట పడ్డ పిన్నిని ఊరంతా కలిసి ఏం చేసిందో దుకల్హిన్ చిన్నప్పుడే చూసింది.

ల్యాబ్ నుంచి కేర్కెట్టా మేడమ్ వెడల్పాటి గాజు పళ్లేలతో వచ్చింది. అందులో గడ్డకట్టిన జావలాంటిది. వార్డులో అందరూ అరచెయ్యి ఆనించాలి.

"నన్ను పట్టుకోడానికేనా మేడమ్?"

"నిన్ను కాదు, ఆ ఈస్టుని. ఎవరి చేతి మీదుంటే వాళ్ల పళ్లెంలో పెరుగుతుంది. చెయ్యి పెట్టు దీదీ."

ఫినాయిల్‌కి పగిలిన అరచెయ్యి భగ్గుమంది. చంద్రాకర్ కూడా ఆనించాడు. "జాతకం చెబుతావా మేడమ్? రెండో పెళ్లి యోగముందేమో చూడు!"

ఈలోగా ఆరో మంచం మీదికి కేత్‌కీ వచ్చింది. ఇరవై రెండేళ్ల బాలింత, కడుపు కోసి బిడ్డను తీశారు. దుకల్హిన్‌ని ఆ దరిదాపులకు రానివ్వలేదు.

మూడోరోజు పొద్దున ల్యాబ్ నుంచి పిలుపు. ఉద్యోగం పోయిందనుకుంటూ వెళ్లింది.

"ఇది నీది," అంది మేడమ్. పళ్లెంలో ఆ ఈస్టు జాడే లేదు.

"ఇప్పుడు ఇది చూడు..."

పళ్లెంలో ఒక చెయ్యి.

తెల్లటి చెయ్యి. అయిదు వేళ్లూ, గీతలతో సహా... అద్దం అవతల ఎవరో బయటికి రావాలని తడుముతున్నట్టు. ఉంగరపు వేలి మొదట్లో ఆ తెలుపు మరీ దట్టంగా ఉంది.

"ఎవరిది?" దుకల్హిన్ పళ్లెం మీదికి వంగింది.

మేడమ్ పళ్లెం తిరగేసింది. వెనక పేరు. చంద్రాకర్.

"ముగ్గురి రక్తంలోనూ ఉన్నది ఇదే. ఒంట్లో చేరాక మందులకు చావదు. ఉంగరం తీసి, చేతికి స్పిరిట్ రాసుకుంటే చాలు, చస్తుంది." మేడమ్ గొంతు తగ్గించింది. "డైరెక్టర్‌కి ఫోన్ చేస్తున్నా — మీటింగులో ఉన్నాడట."

గోడ మీద తొమ్మిది. పెద్ద డాక్టరు రౌండుకొచ్చే వేళ.

దుకల్హిన్ పరిగెత్తింది.

చంద్రాకర్ కేత్‌కీ కట్టు మీదికి వంగుతున్నాడు. దుకల్హిన్ అతని మణికట్టు పట్టేసుకుంది. నర్సులు కెవ్వుమన్నారు — టోన్హీ ముట్టుకుంది!

"చేతులు కడుక్కోండి సాహెబ్. ముందు ఆ ఉంగరం తియ్యండి."

"పిచ్చిదానా! నిన్నా మొన్నా ఈ చేత్తోనేగా కట్టు విప్పి చూశాను?"

దుకల్హిన్ మంచం వైపు తిరిగింది.

మంచం మీద కేత్‌కీ కళ్లు తెరిచింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"దీదీ... దుప్పటి కప్పవూ? చలేస్తోంది."