ఆదివారం సీరియల్ నేర్పిన సారీ

సీరియల్లో జోకు ఇంకా పూర్తి కాలేదు, అతను నవ్వేశాడు. పక్క కుర్చీలో పెన్ను ఆగింది.

"మీరు ముందే నవ్వేస్తుంటే నా లెక్క తప్పుతోంది," అంది ఆమె.

టీవీ స్టేషన్ కింది అంతస్తులో, పాత టేపులు దాచే గదిలో అతను సౌండ్ ఇంజనీరు. తన చిన్నప్పుడు ప్రతి ఆదివారం వచ్చిన కుటుంబ హాస్య సీరియల్ మళ్లీ ప్రసారం కాబోతోందని, అందులోని గరగరలు తీసేస్తున్నాడు. ఆమె యూనివర్సిటీ నుంచి వచ్చింది. అలాంటి సీరియళ్లు ఇళ్లల్లో మనుషుల ఆలోచనల్ని ఎలా మలిచాయన్నది ఆమె థీసిస్. గదిలో ఉన్నది ఒకటే మెషీన్ కాబట్టి ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చోక తప్పలేదు.

దేని లెక్క అని అడిగాడు. ఇక్కడికి రాకముందు చూసినవీ కలిపి నలభై ఎపిసోడ్లలో, భార్య నోరు తెరవగానే వెనక నుంచి నవ్వు వినిపించింది నూట డెబ్బై మూడుసార్లట. భర్త వంటగదిలో అడుగుపెట్టింది రెండుసార్లేనట, అందులో ఒకటి చీకట్లో దారి తప్పి. అతనికి ఒళ్లు మండింది. పీహెచ్‌డీ చేసేవాళ్లకు నవ్వు రాకపోతే సీరియల్ తప్పా అన్నాడు. ఆమె అది కూడా రాసుకుంది.

వారమంతా ఉప్పూ నిప్పూలాగే గడిచింది. కాకపోతే రెండో రోజు నుంచి అతను టీ రెండు కప్పులు తెస్తున్నాడు. నాలుగో రోజు నుంచి ఆమె తనకు అక్కర్లేని ఎపిసోడ్లు కూడా చూస్తోంది. టేపు మార్చేటప్పుడు నల్లబడిన స్క్రీన్‌లో ఇద్దరి చూపులూ కలిసేవి. వెంటనే ఒకరు పెన్నునూ ఒకరు వైర్లనూ వెతుక్కునేవారు.

ఎనిమిదో రోజు వచ్చిన ఎపిసోడ్‌లో భర్త, మూసిన తలుపు బయట నిలబడి భార్యకు సారీ చెప్పాడు. అతను నవ్వలేదు. ఏమైందని ఆమె అడిగింది.

"ఇది వచ్చిన మర్నాడు పొద్దున మా నాన్న అమ్మకి సారీ చెప్పారు. అప్పటిదాకా ఆయనకి ఆ మాట వచ్చని కూడా మాకు తెలీదు."

ఆమె నోట్‌బుక్ మూసేసి తన ఇంటి సంగతి చెప్పింది. వాళ్లూ ఇదే సీరియల్ చూసేవాళ్లు. అందులో అత్తగారి డైలాగులన్నీ నానమ్మకు కంఠతా వచ్చేవి. అమ్మ ఏదైనా అనబోతే నానమ్మ ఒకటి విసిరేది, ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు, అమ్మ కూడా నవ్వేది. అలా నవ్వుతూ నవ్వుతూనే అమ్మ మాట్లాడటం మానేసింది.

అతను టేపు ఆపేశాడు. ఒకసారి మా ఇంటికొచ్చి మా అమ్మని కూడా ఇంటర్వ్యూ చేయండి, ఆ సారీకి కూడా మీ థీసిస్‌లో చోటుండాలి కదా అన్నాడు.

ఆ ఆదివారం ఆమె రికార్డర్‌తో వెళ్లింది. బయట వాన దంచి కొడుతోంది.

"సారీ చెప్పింది నిజమేనమ్మా," అంది అతని తల్లి. "దేనికన్నది మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు."

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న తండ్రి, జాబితా పెద్దదని, అందుకే అన్నిటికీ కలిపి ఒకటే చెప్పేశానని అక్కణ్నుంచే బదులిచ్చాడు.

తర్వాత మాట ఎటెటో తిరిగింది. ఇంట్లో ఎవరెవరుంటారు, చదువయ్యాక ఏం చేస్తావు, మావాడు బాగా విసిగిస్తున్నాడా? ఇంటర్వ్యూ తనకే జరుగుతోందని ఆమెకు తట్టేసరికి పావుగంట దాటింది. అతను కిటికీ వైపు తిరిగి వానను మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

బస్‌స్టాప్ దాకా ఒకే గొడుగులో నడిచారు. అతని ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది.

"నేను అడగాలనుకున్నవన్నీ మా అమ్మే అడిగేసింది. ఒక్కటి మాత్రం నాకు వదిలింది," అన్నాడు.

అడగమంది. అడిగాడు. రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి.

"నాకు ఇష్టమే," అంది చివరికి. "కానీ ఇంటికొచ్చి మా అమ్మని అడగాలి. నాన్ననీ నానమ్మనీ కాదు, అమ్మని."

మరుసటి ఆదివారం అందరూ కూర్చున్న హాల్లో, చెమటలు తుడుచుకుంటూ, అతను సరాసరి ఆమె తల్లినే అడిగాడు. దానికేం తెలుసంటూ నానమ్మ డైలాగు ఎత్తుకోబోయింది.

"ఆగండత్తయ్యా. అడిగింది నన్ను."

తల్లి అతని వైపు తిరిగి, వంటొచ్చా అని అడిగింది. గుడ్లు ఉడకబెట్టడం వచ్చన్నాడు.

"అయితే నేర్చుకో నాయనా. మా అమ్మాయికి అది కూడా రాదు. నువ్వు నాకు నచ్చావు."

అక్కడితో ఆగలేదు. పెళ్లి ఎప్పుడో, ఎక్కడో, ఎవరెవర్ని పిలవాలో గంటసేపు చెప్పుకుపోయింది. సరిగ్గా వినపడటం లేదని నానమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కూతురు అతని చేయి గట్టిగా పట్టుకుని, ఒక్క ముక్కా రాసుకోకుండా, అమ్మ గొంతునే వింటూ కూర్చుంది.