బ్రూనో షెడ్డులో ఇంజిను

సలాదో ఏటి వంపులో బ్రూనో షెడ్డు వైపు పొద్దుగూకాక ఇప్పటికీ ఎవరూ పోరు. లోపల ఉన్నదల్లా ఒక్క పాత ట్రాక్టరు, ఒంటి సిలిండరుది. కానీ తలుపులు మూసి ఉండగానే లోపల ఢబ్... ఢబ్... అని వినిపిస్తుందంటారు.

ఆ ట్రాక్టరు స్టీరింగునే ఊడదీసి, ఇంజిను పక్కనున్న పెద్ద ఇనుప చక్రం ఫ్లైవీలులో గుచ్చి తిప్పాలి. ఆ చుట్టుపక్కల అందరికీ అది నేర్పింది బ్రూనోనే. "బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచు. చుట్టి పట్టుకున్నావో, ఎదురుతన్ని విరిచేస్తుంది. గేరు తీసి ఉందా, చూడు. స్టార్టయ్యాక ఫ్లైవీలు ఎటు తిరుగుతోందో చూసిగానీ ఎక్కకు."

ఎందుకంటే, ఆ ఇంజిను వెనక్కి తిరిగినా అంతే హుషారుగా కొట్టుకుంటుంది. అప్పుడు ముందు గేరు వేస్తే బండి వెనక్కి పోతుంది.

అంత చెప్పిన బ్రూనో... సీటుకూ షెడ్డు వెనక దూలానికీ మధ్య నలిగి చచ్చిపోయాడు. బండి ముందు గేరులోనే ఉంది.

"చూడకుండా ఎక్కే మనిషి కాదు," అన్నారు జనం. "ఎవరో చక్రాన్ని వెనక్కి తిప్పారు."

బ్రూనో తమ్ముడి భార్య డెల్సియా ఇవేవీ చెవిన పెట్టేది కాదు. ముప్ఫై ఒక్క ఆవుల పాలు పితికే మనిషికి దెయ్యాలతో పని ఏముంటుంది?

ఏరు పొంగిన ఏడాది ఆమె మొగుడు పట్నం ఆస్పత్రిలో ఉన్నాడు. కరెంటు పోయింది. దొడ్డి చుట్టూ కట్టిన మట్టిగట్టుకు బయట సముద్రంలా నీళ్ళు, లోపలికి ఊట. పంపు ఆడకపోతే తెల్లారేసరికి ఆవులు మునుగుతాయి. కొత్త ట్రాక్టరు గేటు దగ్గర బురదలో దిగబడిపోయింది. మిగిలింది పాతదే.

"దాని ముక్కు కాల్చాలిగా ముందు," అన్నాడు పొరుగు ముసలాయన డాన్ రెమీజియో. ఇంజిను ముందు ముక్కులా పొడుచుకొచ్చిన ఇనుప బుడ్డి ఎర్రగా కాలితే తప్ప అది స్టార్టవదు. "కిరసనాయిలు మంట చిమ్మే బ్లోల్యాంపు మా ఇంట్లో ఉంది. కాలవ దాటి తెచ్చి, కాల్చి ఉంచుతాను. నువ్వు దూడల్ని మిట్టకెక్కించు."

"భయపడి పారిపోవుగా?"

"నా పెళ్ళాంతో నలభై ఏళ్ళు కాపురం చేశానమ్మా. దెయ్యమొక లెక్కా?"

దూడలతో పని తెమిలేసరికి అర్ధరాత్రయింది. మోకాటిలోతు నీళ్ళలో షెడ్డుకు వెళ్ళింది. తలుపు తీసింది.

చీకట్లో... ఎర్రగా ఒక ముద్ద. ఇంజిను ముక్కు నిప్పుకణికలా వెలుగుతోంది.

"డాన్ రెమీజియో!"

పలుకు లేదు. కాల్చేసి జారుకున్నాడు, పిరికి ముసలాడు — అనుకుంది.

గేరు తీసి ఉంది. స్టీరింగు ఊడదీసి, దాని కడ్డీని ఫ్లైవీలులో గుచ్చింది. బొటనవేలు వేళ్ళ పక్కనే. ఇటు ఊపింది... అటు ఊపింది... ఢబ్! చప్పున స్టీరింగు లాగేసుకుంది. ఢబ్... ఢబ్... చక్రం సవ్యంగానే తిరుగుతోంది. రెండుసార్లు చూసింది.

స్టీరింగు దాని చోట బిగించి, ఎక్కి కూర్చుంటుండగా ఇంజిను తడబడింది. ఢబ్......... ఢబ్. మళ్ళీ అందుకుంది.

ముందు గేరు వేసింది. క్లచ్ వదిలింది.

ఎదురుగా ఉన్న తలుపు... దూరమవుతోంది.

క్లచ్ తొక్కేసరికి వెనక దూలం వీపుకు తగిలింది. అలాగే బిగుసుకుని, మెడ తిప్పి చక్రం వైపు చూసింది. వెనక్కి తిరుగుతోంది.

అప్పుడు అర్థమైంది. మరీ నెమ్మదిగా ఆడనిస్తే ఇది తనంతట తానే దిశ మార్చుకుంటుంది. బ్రూనో చూసే ఎక్కాడు. చూశాకే ఇది తిరగబడింది.

"ఎవరూ తిప్పలేదు, బావగారూ," అంది పైకే. "ఇనుమే." తెలియకుండానే నవ్వొచ్చింది.

ఆపింది. ముక్కు చల్లారకముందే మళ్ళీ తిప్పింది. ఈసారి డీజిలు కాస్త ఎక్కువిచ్చి, ఎక్కాక కూడా చక్రం చూసి, బయటికి తోలింది. పంపుకు బెల్టు తగిలించింది. నీళ్ళు గట్టు దాటి అవతల పడసాగాయి.

తెల్లవారింది. ముప్ఫై ఒక్క ఆవులూ గిట్టలు తడిసేంత నీళ్ళలో నిలబడి నెమరువేస్తున్నాయి.

నడుముదాకా బురదతో డాన్ రెమీజియో వచ్చాడు. డెల్సియా తిట్టబోయింది.

"తిట్టమ్మా, తిట్టు. తిట్టించుకోవాల్సిందే," అన్నాడు వగరుస్తూ. "నేను ఇంటికెళ్ళగానే వంతెన కొట్టుకుపోయింది. ఇంతసేపూ కాలవ అవతలే ఉన్నాను. ఇప్పుడే పడవ దొరికింది." పంపు వైపు తెల్లబోయి చూశాడు. "అవునూ... దేంతో కాల్చావు?"

చంకలోని గోనెపట్టా విప్పి బ్లోల్యాంపు ఆమె చేతిలో పెట్టాడు.

డెల్సియా మూత తిప్పి చూసింది. నిండా కిరసనాయిలు — చుక్క కూడా తగ్గలేదు.