పేకముక్కల మధ్య స్కూటీ తాళం

"ఇదీ పెట్టేత్తన్నాను! రైజ్!"

భానుప్రకాష్ స్కూటీ తాళాన్ని పేకముక్కల మధ్యకు విసిరేసరికి, టీ కప్పుల పళ్లెంతో వస్తున్న సౌజన్య గుమ్మంలోనే ఆగిపోయింది!

అది ఆమె స్కూటీ! అది పోయి, ఇంటి దగ్గరి మాంగో వంతెన మీద ఆటో కోసం నిలబడితే, సాక్చీలో నర్సింగ్ హోం డ్యూటీకి వేళకు చేరేదెప్పుడు? ఇంకొక్కసారి ఆలస్యమైతే మానేయమని మేట్రన్ చెప్పేసింది కూడా... భర్త భానుప్రకాష్ కాంట్రాక్టు పని ఆగిపోయినప్పటి నుంచి ఇల్లు నడుస్తున్నది ఆ ఉద్యోగం మీదే కదా!

దీపావళినాడు పేక పడితే లక్ష్మి వస్తుందని ఈ హిందీవాళ్ల ఊళ్లో నమ్మకం. వచ్చే లక్ష్మి మాటేమో గానీ, ఉన్న లక్ష్మిని సాగనంపడంలో భానుప్రకాష్ దిట్ట! ఫోనులో పోకర్ నేర్చాడు మహానుభావుడు. చేతిలో ఏమీ లేకపోయినా పందెం పెంచుకుంటూ పోతే ఎదుటివాళ్లు జడిసి వదిలేస్తారట. ఎదుట ఒక్కడుంటే సరే... ఇప్పుడు ముగ్గురున్నారే! పక్కింటి మోహిత్, అతని తమ్ముడు దీపక్, సౌజన్య సొంత అన్న బంగార్రాజు. వాళ్లలో ఏ ఒక్కరు తెగించినా అంతా పోయినట్టే!

కప్పు అందిస్తూ భర్త చేతిలోకి తొంగిచూసింది. ఏడు, రెండు. మధ్యలో పరిచిన ముక్కల్లో దేనికీ జత కానివి!

"క్యా దేఖా, భాభీ?" ఏం చూశావు వదినా అన్నాడు మోహిత్, ఆమె ముఖంలోకే చూస్తూ.

దేవుడా! ఏడిస్తే స్కూటీ పోతుంది... అరిచినా పోతుంది... ఆయన అబద్ధాన్ని ఇప్పుడు తనే మోయాలి! పెదవులు సాగదీసి నవ్వింది. "చాయ్ పీజియే భయ్యా, ఠండీ హో రహీ హై," అంటూ చల్లారిపోతున్న టీ తాగమంది.

"భాభీ నవ్వుతోందంటే ఖతం!" అని హిందీలో గొణుక్కుంటూ మోహిత్ ముక్కలు బోర్లించి ఆట వదిలేశాడు. దీపక్ కూడా అంతే. బంగార్రాజు మాత్రం చెల్లెలి ముఖం వంకే చాలాసేపు చూశాడు... ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

"నానూ వదిలేత్తన్నాను, బావా."

అన్నదమ్ములిద్దరూ తమ ఇంటికి వెళ్లిపోయారు. "సూసినావేటే! ముగ్గుర్నీ లేపేసినాను!" భానుప్రకాష్‌ది పట్టరాని సంబరం.

సౌజన్య కప్పులు తీయబోతూ అన్న వదిలేసిన ముక్కలు తిరగేసింది. రెండూ రాణులే! పరిచిన వాటిలో మరో రాణి! గెలిచే చెయ్యి...

"అన్నియ్యా... ఇదేటి?"

బంగార్రాజు చెప్పులేసుకుంటూ ఆగాడు. "సిన్నప్పుడు అమ్మ కొడతాదని బయమేత్తే ఇలాగే నవ్వేదానివి. నాకు తెల్దేటమ్మా? పండగ పూట ఆడపిల్ల సొత్తు గెలుసుకుంటానా? గెలిసి తిరిగిచ్చినా నలుగుర్లో నువ్వే కదా తలొంచుకోవాల..." బావ వైపు తిరిగాడు. "ఇంకో ఆటలో దాని అన్న ఉండడు, బావా."

అతను వెళ్లాక భానుప్రకాష్ రాణుల వంక చూశాడు, తర్వాత భార్య వంక. ఆమె పెదవుల మీద ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది!

"అలా నవ్వకే, సౌజన్యా... తిట్టు, కొట్టు... అలా మాత్రం నవ్వకే!" అంటూ తాళం ఆమె చేతిలో పెట్టాడు.

సౌజన్య దాన్ని కొంగుకు గట్టిగా ముడి వేసుకుంది. ముడి పడ్డాక అక్కడే కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.